కవలలిద్దరికీ ఒకే గొంతు

మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే లలిత పోయిన వారం పరుగున వచ్చి, తనకు డబ్బింగ్ స్టూడియోలో ఇంటర్వ్యూ వచ్చిందని చెప్పింది. నాలాగే హైదరాబాదులో జర్మన్ ఎం.ఏ. చేసి, పెళ్ళి చేసుకుని న్యూజెర్సీలోని ఈ పార్సిప్పనీకి వచ్చి, ఆ డిగ్రీని ఏం చేసుకోవాలో తెలియక కూర్చున్న అమ్మాయి.

"అక్కా, నువ్వు చేసిన జాబ్ లాంటిదే కదా! అసలు అక్కడ ఏం చేయిస్తారు? కష్టమా?" అంది.

"కష్టమేం కాదు," అన్నాను. ఈలోగా పాప సోఫా మీద నుంచి పడబోయింది. నేను పరిగెత్తాను. మాట అక్కడే ఆగిపోయింది. లలిత వెళ్ళిపోయాక ఆ జవాబు నన్ను వదల్లేదు. అది అబద్ధం కాదు. కానీ ఒక పనిలోకి వెళ్ళబోయే మనిషికి అంత మాత్రం చెప్పి పంపడం న్యాయమూ కాదు. అందుకని పాప పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను. మధ్యమధ్యలో లేచి దాని ఊపిరి చూసి వస్తున్నాను కాబట్టి ఎక్కడైనా తెగినట్టుంటే కారణం అదే.

డెబ్బైల చివర చేరి, ఎనభైల మధ్యలో మానేశాను. ముప్పై దాటగానే రిటైర్ అయ్యానంటే మా ఆయన నవ్వుతారు. కానీ మళ్ళీ ఆ పనికి వెళ్ళనని నాకు తెలుసు. అలాంటప్పుడు ఇంకేమనాలి?

పెదాల పని

మా స్టూడియో హడ్సన్ నదికి ఇవతలి ఒడ్డున, ఒక పాత గిడ్డంగి పై అంతస్తులో ఉండేది. యూరప్‌లో ఎవరూ పెద్దగా చూడని టీవీ కార్యక్రమాలను చవగ్గా కొని, వాటికి ఇంగ్లీషు మాటలు పెట్టి, అప్పుడప్పుడే పుట్టుకొస్తున్న కేబుల్ చానళ్ళకు అమ్మేవాళ్ళు. యజమాని పేరు ఫ్రాంక్. జర్మన్ కార్యక్రమాలకు ఇద్దరం ఉండేవాళ్ళం. ఒకరు హిల్డే అనే పెద్దావిడ, హాంబర్గ్‌లో పుట్టి యుద్ధం తర్వాత ఇక్కడికి వచ్చిన మనిషి. రెండో మనిషిని నేను. సుభద్ర అనే నా పేరు ఫ్రాంక్ నోట్లో మొదటి రోజే "సూ" అయిపోయింది.

అనువాదం ఈ పనిలో సగం కూడా కాదు. తెర మీద మనిషి పెదాలు ఎక్కడ కలుస్తున్నాయో చూడాలి. అక్కడ పెదాలు కలిసే ఇంగ్లీషు మాటే పడాలి. ఎక్కడ ఊపిరి తీస్తున్నాడో అక్కడ గుర్తు పెట్టాలి. అర్థం చక్కగా కుదిరి పెదాలు కుదరకపోతే ఆ మాటను పారేయాలి. పెదాలు కుదిరి అర్థం కాస్త పక్కకు జరిగితే ఎవరూ ఏమీ అనరు. ఎం.ఏ.లో నేర్చుకున్నదంతా తలకిందులుగా వాడాలన్నమాట.

ఒకసారి తెలుగువాళ్ళ ఇంట్లో భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే, ఎవరి అత్తగారో గాని ఒకావిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అంత చదువు చదివి, రోజంతా మగాళ్ళ మూతులు చూసే ఉద్యోగమా తల్లీ?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చేటప్పుడు కార్‌లో మా ఆయన, "నిజం చెప్పు, ఇవాళ నా మూతి కూడా చూశావా?" అన్నారు. చూశాను. ఆయన 'అవును' అనేముందు చిన్నగా ఊపిరి తీస్తారు, 'కాదు' అనేముందు తీయరు. ఈ పనిలో చేరితే లలితకి కూడా ఈ జబ్బు పట్టుకుంటుంది. ఎదుటివాళ్ళు చెప్పేది వినడం తగ్గి, ఎలా చెబుతున్నారో చూడటం మొదలవుతుంది.

నవ్వురాని కవలలు

మేము చేసిన వాటిలో చాలా వరకు నాకు గుర్తు లేవు. ఒకటి మాత్రం మరిచిపోలేను. కవల సోదరుల హాస్య ధారావాహిక. ఒకడు చిన్న ఊళ్ళో పన్నుల ఆఫీసులో గుమాస్తా, ఇంకొకడు రేవు పట్నంలో సారాకొట్టు నడుపుతాడు. ఇద్దరికీ తమ బతుకు విసుగుపుట్టి, బట్టలు మార్చుకుని, ఒకడి ఇంట్లోకి ఇంకొకడు వెళ్ళిపోతాడు. రెండు వేషాలూ ఒకే నటుడు వేశాడు.

కథ వినగానే నాకు చాలా ఆశ కలిగింది. అంతవరకు మాకు దొరికినవి పశువుల డాక్టర్ల కథలు, పోలీసు కథలు. ఇందులో అయినా నవ్వు ఉంటుంది కదా అనుకున్నాను. హిల్డే, నేను కలిసి మొదటి భాగం చూశాం. దీపాలు వేశాక ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చుంది.

"మీ దేశంలో దీనికి నవ్వుతారా?" అని అడిగాను.

"మా దేశంలో నవ్వి ఉంటే ఫ్రాంక్‌కి ఇంత చవగ్గా ఎందుకిస్తారు పిల్లా?" అంది.

భార్య గుర్తుపట్టదు, కుక్క గుర్తుపడుతుంది. మొదటి భాగంలో అదే, నాలుగో భాగంలోనూ అదే. తలుపు తెరుచుకుంటుంది, కవల బిక్కమొహం వేస్తాడు, ఎవరో పింగాణీ పళ్ళెం కింద పడేస్తారు. పోనీ, రెండు బతుకుల్లో ఉన్న దిగులైనా చూపించాడా అంటే అదీ లేదు. ఇతరుల బతుకులోకి దూరితే ఏమవుతుందో చెప్పడానికి చేతిలో అంత మంచి కథ పెట్టుకుని, పళ్ళేలు పగలగొట్టారు. దానికి తోడు జర్మన్ వాక్యంలో అసలు ముక్క చివర్లో వస్తుంది కాబట్టి ఎదుటి నటుడు చివరి దాకా ఆగి మొహం మారుస్తాడు. మా ఇంగ్లీషు మాట అప్పటికే అయిపోయి ఉండేది. ఆ మొహం మారే సమయానికి అందరూ ఏదో మరిచిపోయినట్టు కనిపించేవాళ్ళు.

ఇక్కడ లలితకి ఒక మాట చెప్పాలి. చెడ్డ కార్యక్రమాన్ని మనం బాగు చేయలేం. చేయగలమని యజమానులు అంటారు, మనకీ నమ్మాలనిపిస్తుంది. నమ్మకు. తప్పుల్లేకుండా చేసి ఇంటికి వెళ్ళు.

పొద్దున గుమాస్తా, మధ్యాహ్నం సారాకొట్టువాడు

గొంతు ఇచ్చినవాడి పేరు హ్యారీ. యాభై దాటిన మనిషి. వయసులో ఉండగా చిన్న రేడియో స్టేషన్లలో వార్తలు చదివేవాడు. మా దగ్గర చాలా ఏళ్ళుగా వెయిటర్లకూ, పోలీసులకూ, టాక్సీవాళ్ళకూ ఒక్కొక్క వాక్యం చెబుతూ వచ్చాడు. ఆ ఏడాది ఆయన గొంతులో ఒక గడ్డ తీశారు. నయమైందని డాక్టర్లు చెప్పారు. మధ్యాహ్నం దాటితే మాత్రం గొంతు బొంగురుపోయేది.

ఫ్రాంక్ కవలలిద్దరికీ రెండు వేర్వేరు గొంతులు కావాలన్నాడు. హిల్డే ఒప్పుకోలేదు.

"గొంతులు వేరైతే భార్య ఎందుకు గుర్తుపట్టదు, ఫ్రాంక్?"

"భార్యకు చెవుడు అనుకుంటారులే. చూసేవాడికి ఎవడెవడో తెలియాలి, లేకపోతే చానల్ మార్చేస్తాడు."

అప్పుడు హ్యారీ తనే ముందుకొచ్చాడు. "ఇద్దరు నటులెందుకు? నా దగ్గర రెండు గొంతులున్నాయి. పొద్దున ఒకటి, లంచ్ తర్వాత ఒకటి," అన్నాడు. గుమాస్తా మాటలన్నీ పొద్దున రికార్డు చేశాం, సారాకొట్టువాడి మాటలన్నీ మధ్యాహ్నం. నిజంగానే ఇద్దరు మనుషులున్నట్టు ఉండేది. తన జబ్బును పాత్రగా మార్చుకున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

"సూ, నా జీవితంలో ఇది మొదటి హీరో వేషం. అదీ ఒకేసారి రెండు," అనేవాడు. "మా డోరిస్ మాత్రం అంటుంది, ఇంట్లో ఈ ఇద్దరినీ ఇరవై ఏళ్ళుగా భరిస్తున్నాను, నాకెవరూ డబ్బులివ్వలేదని."

ఈ సీరియల్ అమ్ముడుపోతే ఇకముందు పెద్ద వేషాలన్నీ నీవేనని ఫ్రాంక్ మాటిచ్చాడు. ఆపరేషన్ అయిన గొంతుకి ఇంకెవరూ పనివ్వరని హ్యారీకి తెలుసు. అందుకే రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా, వేడినీళ్ళ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని మూల కుర్చీలో కూర్చుని, గొంతుని మైకు కోసం దాచుకునేవాడు.

గొంతు ఎవరిది?

మాటల పక్కన పాత్ర పేరు రాయడం మా అలవాటు కాదు. ఒక్కొక్క గొంతుకి ఒక అక్షరం పెట్టేవాళ్ళం. గుమాస్తా 'ఎ', సారాకొట్టువాడు 'బి'. సీరియల్ పెద్దది కాబట్టి మొదటి సగం హిల్డే రాసింది, రెండో సగం నేను.

హిల్డే నేర్చుకున్న పద్ధతిలో అక్షరం మనిషిది. గుమాస్తా ఎక్కడికి వెళ్ళినా, ఏ బట్టలు వేసుకున్నా 'ఎ'. నాకు పని నేర్పినవాళ్ళు వేరేలా చెప్పారు. సౌండ్ ఇంజనీరు బొమ్మ చూసి మాట వెతుక్కుంటాడు కాబట్టి తెర మీద కనిపించేదాన్ని బట్టి అక్షరం వేయమన్నారు. ఆఫీసు కుర్చీలో కూర్చున్నవాడు ఎవరైనా సరే 'ఎ'. అన్నేళ్ళూ ఈ రెండు పద్ధతులూ ఒకే గదిలో పక్కపక్కన నడిచాయి. ఏ తేడా రాలేదు. పశువుల డాక్టరు తన బతుకు ఇంకొకడికి ఇచ్చి వెళ్ళిపోడు కదా.

హ్యారీ కూడా కనిపెట్టే దారి లేదు. పొద్దున 'ఎ' మాటలు మాత్రమే, మధ్యాహ్నం 'బి' మాటలు మాత్రమే ముక్కలుముక్కలుగా ఆయన ముందు వేసేవాళ్ళం. కథ వరుసగా ఆయన ఎప్పుడూ చూడలేదు.

అంతా కలిపాక కొనబోయే చానల్ మనిషి వచ్చాడు. మొదటి భాగాలు చూసి తలూపాడు. తర్వాత మధ్యలోంచి ఒకటి వేయమన్నాడు. అది నేను రాసినది. పన్నుల ఆఫీసులో కూర్చుని సారాకొట్టువాడు మాట్లాడటం మొదలుపెట్టాడు, గుమాస్తా సన్నటి గొంతుతో. రేవులో గుమాస్తా సారా పోస్తున్నాడు, బొంగురు గొంతుతో. ఒక్క క్షణం నాకూ ఏమీ అర్థం కాలేదు. బతుకులు మార్చుకున్నవాళ్ళు గొంతులు కూడా మార్చుకున్నారు. చూసేవాడికి ఇక వాళ్ళు ఏమీ మార్చుకోనట్టే ఉంది.

"వీడికేమైంది? జలుబా?" అన్నాడు చానల్ మనిషి.

వెనక కుర్చీలో హ్యారీ ఉన్నాడు, కొత్త కోటు వేసుకుని వచ్చాడు. ఫ్రాంక్ వెనక్కి తిరిగి చూడకుండానే, "నటుడికి గొంతు ఆపరేషన్ అయింది. నిలకడ పోయింది. మారుస్తున్నాం," అన్నాడు.

ఆ తర్వాతే నేనూ హిల్డే ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఏం జరిగిందో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. చానల్ మనిషి లిఫ్టు ఎక్కగానే ఇద్దరం ఫ్రాంక్ గదిలోకి వెళ్ళి, తప్పు మా అక్షరాలదని, హ్యారీ మేము రాసింది రాసినట్టు చెప్పాడని చెప్పాం.

"నాకు తెలుసు," అన్నాడు ఫ్రాంక్. "రీలు సగంలో ఉండగానే తెలిసింది."

"మరి ఆయనకి ఫోన్ చేసి చెప్పండి!"

"ఏమని చెప్పనూ? స్క్రిప్టు తప్పని చెబితే ఇంకా ఎన్ని తప్పులున్నాయోనని మొత్తం వెనక్కి పంపిస్తాడు. నటుడి గొంతు పాడైందంటే నటుణ్ణి మార్చమంటాడు, అంతే. కూర్చో సూ. నిన్నేమీ అనలేదుగా?"

"హ్యారీ సంగతేంటి?" అంది హిల్డే.

"ఆ గొంతు ఎలాగూ ఇంకో ఏడాది ఉండదు హిల్డే. నీకూ తెలుసు."

 నేను బయటికొచ్చి హ్యారీకి జరిగింది చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు. "అంటే నేను సరిగ్గానే చెప్పానన్నమాట," అన్నాడు. తర్వాత ఫ్లాస్కు మూత బిగించుకుని వెళ్ళిపోయాడు.

ఫ్రాంక్ చెడ్డవాడని నేననను. నాకు డెలివరీ అయినప్పుడు ఆసుపత్రికి పూలు పంపాడు. అతనికి రెండు దార్లు కనిపించాయి, త్వరగా అయ్యేది తీసుకున్నాడు. నిజం చెబితే సరిపోతుందని నేననుకునేదాన్ని. ఈ పనిలో నిజం చెబితే ఎవరికి ఎంత సమయం పోతుందో కూడా లెక్కలోకి వస్తుంది. లలిత చేరే చోట అక్షరాలు ఎవరు ఎలా వేస్తారో మొదటి రోజే అడగాలి. తెలివితక్కువ ప్రశ్న అని నవ్వితే నవ్వనీ.

మేము అక్షరాలు సరిచేశాక, హ్యారీ మాటలన్నింటి మీదా ఇంకో నటుడు మళ్ళీ చెప్పాడు. టేపు అదే, హ్యారీ గొంతు ఉన్న చోటే కొత్త గొంతు ఎక్కించారు. ఎలా చెప్పాలో తెలియడానికి ముందు హ్యారీ చెప్పింది అతని చెవుల్లో వేసేవాళ్ళు, అతను దాన్ని పట్టుకుని చెప్పేవాడు, చెప్పగానే హ్యారీది చెరిగిపోయేది. నేను పక్కనే కూర్చుని పెదాలు సరిచూశాను. సీరియల్ అమ్ముడుపోయింది. కొన్ని వారాలు వచ్చి, చూసేవాళ్ళు లేక ఆగిపోయింది. ఒక్క ప్రేక్షకుడు కూడా ఏమీ రాయలేదు, తిడుతూ కూడా.

హ్యారీకి మాత్రం ఇంకెక్కడా పని దొరకలేదు. ఫ్రాంక్ ఆ రోజు అన్న మాట చానల్ మనిషి ద్వారా అన్ని స్టూడియోలకూ చేరింది.

మానేయడం

నేను వెంటనే మానేయలేదు. పాప పుట్టాక మానేశాను. దాన్ని చూసుకునే ఆవిడ దగ్గర వదిలి, మంచులో రూట్ 46 మీద డ్రైవ్ చేస్తూ, ఇప్పుడు ఏడుస్తోందేమో, పాలు గొంతుకి అడ్డం పడ్డాయేమో అనుకుంటూ స్టూడియోకి చేరేదాన్ని. హెడ్‌ఫోన్‌లో ఎవరో ఊపిరి తీస్తే పాప ఊపిరే అనిపించేది. ఒకరోజు ఫోన్ వచ్చింది, జ్వరమని. నేను వెళ్ళేసరికి తగ్గిపోయింది. అయినా మర్నాడు వెళ్ళలేదు, ఆ మర్నాడూ వెళ్ళలేదు. పని మానేసినా చెవి మానలేదు. ఇప్పుడు పక్క గదిలో పాప పక్క మార్చుకుంటే రాసేది ఆపి వింటున్నాను.

క్యాసెట్

పాపకి రెండో ఏడు నడుస్తుండగా ఇంటికి ఫోన్ వచ్చింది. డోరిస్, హ్యారీ భార్య. హిల్డే దగ్గర నంబరు తీసుకుందట.

"ఆయనకి గొంతులో గడ్డ మళ్ళీ వచ్చింది," అంది. "స్వరపేటిక తీసేశారు. నేను మీ దగ్గర ఒక్కటే అడుగుతున్నాను. ఆయన గొంతు ఉన్న టేపు ఏదైనా ఇస్తారా? ఇంట్లో ఒక్కటి కూడా లేదు. రోజూ వినే గొంతుని రికార్డు చేసుకోవాలని ఎవరికి తోస్తుంది?"

రేడియోలో ఆయన చదివిన వార్తలు గాల్లో కలిసిపోయాయి. వెయిటర్లకి చెప్పిన వాక్యాలు సంగీతం కింద, గ్లాసుల చప్పుడు కింద ఉండిపోయాయి. ఆయన గొంతు ఒక్కటే, శుభ్రంగా, గంటల తరబడి ఉన్నది ఆ కవలల టేపులోనే. దాన్ని చెరిపేటప్పుడు నేనక్కడే ఉన్నాను.

పాపని చంకనేసుకుని స్టూడియోకి వెళ్ళాను. ఇంజనీరు తల అడ్డంగా ఊపి, అంతలోనే ఆగాడు. "మాటలు లేవు. నవ్వులున్నాయి," అన్నాడు. నవ్వులూ, దగ్గులూ, నిట్టూర్పులూ మేము చివర్లో విడిగా రికార్డు చేసేవాళ్ళం. కొత్త నటుడికి నవ్వడం సరిగ్గా రాలేదు. త్వరగా ముగించమని ఫ్రాంక్ అంటే, హ్యారీ నవ్వులు అలాగే ఉంచేశారు. ఎవరికీ నవ్వు రాని ఆ సీరియల్‌లో నవ్వినదంతా హ్యారీయేనన్నమాట. ఇంజనీరు వాటన్నింటినీ కలిపి ఒక క్యాసెట్ చేసిచ్చాడు. ఒక పక్క సగం కూడా నిండలేదు.

వాళ్ళ ఇల్లు న్యూవార్క్ దాటాక ఒక చిన్న ఊళ్ళో ఉంది. హ్యారీ కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. సగమైపోయాడు. ఊపిరి కోసం మెడ దగ్గర పెట్టిన రంధ్రం మీద చేతిరుమాలు కట్టుకున్నాడు, ఊపిరి తీసినప్పుడల్లా అది కదులుతోంది. పాప భయపడుతుందేమోనని దాని మొహం నా వైపు తిప్పుకున్నాను. అది విదిలించుకుని కిందికి దిగి, ఆయన ముందు నిలబడింది.

డోరిస్ క్యాసెట్ పెట్టింది. గుమాస్తా నవ్వు, పొడిగా. సారాకొట్టువాడి నవ్వు, పొట్టలోంచి. ఒక దగ్గు. మళ్ళీ నవ్వు. డోరిస్ చివరిదాకా విని, ఆపింది.

"అంతేనా?" అంది.

"అంతే దొరికిందండీ."

"ఇది ఆయన నవ్వు కాదు. పని కోసం నవ్వింది. ఇంట్లో ఇలా నవ్వేవాడు కాదు."

 హ్యారీ చెయ్యెత్తి, వేలితో గాల్లో చక్రం తిప్పాడు, వెనక్కి తిప్పమని. డోరిస్ మళ్ళీ మొదటి నుంచి పెట్టింది.

ఆయన వెన్ను నిటారుగా పెట్టాడు, మైకు ముందు కూర్చున్నట్టే. మొదటి నవ్వుకి సరిగ్గా ముందు ఆయన నోరు తెరుచుకుంది. పొడి నవ్వుకి పెదాలు బిగించి, బొంగురు నవ్వుకి భుజాలు కదిపి, దగ్గు దగ్గర గుప్పిట నోటికి అడ్డం పెట్టుకుని, టేపులో ఉన్న ప్రతిదానికీ పెదాలు కలిపాడు. ఒక్క చోట తప్పలేదు. ఆ పని అన్నేళ్ళు చేసిన నేను ఎక్కడా వంక పెట్టలేకపోయాను. పాప టేప్ రికార్డర్ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన మొహం చూస్తూ, ఆయనే నవ్వుతున్నాడనుకుని, పగలబడి నవ్వుతోంది.

నవ్వులు అయిపోయాయి. ఖాళీ టేపు సుయ్‌మంటూ తిరుగుతూనే ఉంది. డోరిస్ లేవలేదు.

"అగైన్," అంది పాప, ఆయన మోకాలి మీద కొడుతూ. "అగైన్!"

ఆయన నా వైపు చూశాడు. తర్వాత పాప వైపు తిరిగి నోరు తెరిచాడు. పాప చాలాసేపు ఎదురుచూసింది.